లారీడు ఎరువు

మెకానిక్కు తోటపని రాదు. రాదని ఒప్పుకునే రకమూ కాదు. లారీ ఇంజను విప్పి గోనెపట్టా మీద పరిచి, మళ్లీ కళ్లు మూసుకుని బిగించగలడు కాబట్టి, లోకంలో ఉన్నవన్నీ విప్పి బిగించేవేనని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! ఇంటి వెనక కూరగాయల తోట మొత్తం భార్యది. ఆవిడ పండించిన టమాటాలు తిని, "కొంచెం పులుపెక్కువైందే" అని వంకపెట్టడం ఒక్కటే ఆయన వంతు.

ఆ ఏడు చలి తగ్గి విత్తనాలు వేసుకునే రోజులొచ్చేసరికి ఆవిడ ఆసుపత్రిలో ఉంది. డాక్టరమ్మ ఆయన్ని వరండాలోకి పిలిచి, ఈ వేసవి దాటడం కష్టమనీ, త్వరలో ఇంటికి పంపిస్తామనీ, ఆవిడ కోరిందల్లా చేసిపెట్టమనీ చెప్పింది. తలూపాడు. ఇంకేం చేస్తాడు పాపం! ఆ మాట కడుపులోనే దాచుకుని లోపలికి వెళితే, ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఏమడిగిందో తెలుసా?

"ఏమండీ, చిక్కుడు గింజలు పెట్టారా? అదును దాటిపోతోంది."

"నువ్వొచ్చేసరికి కాయలు కాయకపోతే అప్పుడడుగు," అన్నాడు, లేని నవ్వు తెచ్చిపెట్టుకుని.

ఇక అదే పట్టుకున్నాడు. ఆవిడ ప్రాణం నిలపడం ఎవరి వల్లా కాదని తేలిపోయింది. ఒక్క కాపైనా చూపించాలి. ఆవిడ తన చేత్తో ఒక్క టమాటా కోసుకుంటే చాలు, అంతకు మించి ఏ దేవుణ్ణీ ఏమీ అడగడు.

తోట మూలన ఎరువు గుంట ఉందనీ, అందులోంచి నాలుగు తట్టలు మడులకు వెయ్యమనీ ఆవిడ మరీ మరీ చెప్పింది. వెళ్లి చూశాడు. కూరగాయల తొక్కలు, టీ పిప్పి, గుడ్డు పెంకులు. ఏళ్ల తరబడి ఆవిడ పోగేసి, తిరగేసి, తడిపి నల్లగా మాగబెట్టిన ఎరువది. ఈయనగారి కంటికి చెత్తలా కనబడింది. "ఈ తుక్కుతో బలమేం వస్తుంది?" అని గుంటంతా ఎత్తించి చెత్తబండిలో పారబోయించాడు. షెడ్డుకొచ్చే డ్రైవరొకడు పశువుల ఎరువు తోలిపెడతానంటే, లారీడు దింపించుకుని చీలమండల లోతున పరిపించాడు. పెళ్లాం మీద ప్రేమ మరి, తట్టలతో సరిపెడతాడా!

మొలకలు బాగానే వచ్చాయి. రోజూ సాయంత్రం ఆసుపత్రికెళ్లి, "చిక్కుడు జానెడైంది, దోస తీగ సాగింది," అని గొప్పలు పోయేవాడు. ఆవిడ మొహం వెలిగిపోయేది. ఆ తర్వాత చిక్కుడు ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. టమాటా చిగుళ్లు దారప్పోగుల్లా సన్నబడి మెలికలు తిరిగాయి. బలం చాలలేదనుకున్నాడు. ఇంజను మొరాయిస్తే ముందు ఆయిల్ చూడాలి కదా! మిగిలిన ఎరువంతా ఊడ్చి మొక్కల మొదళ్లలో కుమ్మరించాడు. ఆసుపత్రిలో మాత్రం, "పూతకొచ్చాయే," అన్నాడు.

మొక్కలు ఇంకా ముడుచుకుపోయాక గానీ నర్సరీ అతన్ని పిలవాలని తోచలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అతను ఒక చిగురు తుంచి చూసి, ఎరువు పిడికెడు తీసి వాసన చూశాడు.

"ఈ పశువులు తిన్న గడ్డికి కలుపు మందు కొట్టుంటారు బాబాయ్. ఆ మందు గడ్డినేం చెయ్యదు, పశువుకీ ఏం కాదు. పేడలో మాత్రం అలాగే ఉండిపోతుంది. చిక్కుడు, టమాటా లాంటివి తట్టుకోలేవు."

"విరుగుడు చెప్పు."

"లేదు బాబాయ్."

"మట్టి మార్పిస్తా. కుండీల్లో పెడతా."

"ఎండలు ముదిరిపోయాయి. ఇప్పుడు పెడితే పూత నిలవదు. ఈ మట్టిని తిరగేస్తూ ఉండండి, నాలుగు వానలు పడనివ్వండి. వచ్చే వసంతానికి దానంతటదే బాగుపడుతుంది."

"కొంచెం తొందరగా అవ్వదా?"

"మట్టిని ఎవరు తొందరపెడతారు బాబాయ్?"

అతను వెళ్లిపోయాడు. ఈయన గట్టు మీద కూలబడ్డాడు. ఇన్నేళ్లలో బాగుచెయ్యలేనని ఏ బండినీ తిప్పి పంపని మనిషి, ముడుచుకుపోయిన చిక్కుడు ఆకునొకదాన్ని వేళ్లతో విప్పి చదును చెయ్యబోయాడు. అది చిరిగిపోయింది.

ఆవిణ్ణి ఇంటికి తెచ్చిన రోజున పెరటి తలుపుకు గడియపెట్టి, "పాము కనబడిందే, అటు పోకు," అన్నాడు.

"పాము కనబడితే ఈపాటికి మీరు మంచమెక్కి అరుస్తూ ఉండేవారు. తియ్యండి తలుపు."

భుజం పట్టుకుని నెమ్మదిగా నడిపించాడు. ఆవిడ మడులన్నీ చూసింది. తర్వాత మూలకు చూసింది.

"నా గుంటేదండీ?"

ఇక దాచలేకపోయాడు. గుంట పారబోయించింది, లారీ దింపించింది, మిగిలిందీ కుమ్మరించింది, పూత అని అబద్ధమాడింది, అన్నీ చెప్పేశాడు. చెప్పి, తల దించుకుని, "వచ్చే వసంతానికి మట్టి బాగుపడుతుందట. అప్పుడు మనం..." అన్నాడు.

"మనం కాదండీ, మీరు," అంది ఆవిడ. "డాక్టరమ్మ నాకూ చెప్పింది. మీకంటే ముందే చెప్పింది."

ఆయన చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. ఆవిడ ఆపలేదు, ఊరుకోమనలేదు. గట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుని, ఏడుపు కాస్త నెమ్మదించాక చెయ్యి చాపింది.

"గింజలు మరీ లోతుగా పెట్టి చంపుతారు మీరు, నాకు తెలుసు. ఏదీ, వేలివ్వండి."

ఇచ్చాడు. గ్రీజు మరకలు పోని ఆ వేలి మొదటి కణుపు దగ్గర ఆవిడ గోటితో గట్టిగా నొక్కింది.

"ఇదిగో, ఇంతవరకే. గుర్తుంటుందా?"