అమ్మవారి రసీదు

"అమ్మవారిని సరుకంటావేంటమ్మాయ్?" అన్నాడు భీమశంకర్, కమిటీ మీటింగ్‌లో అందరి ముందూ.

ఆయన అమెరికాలోని చాండ్లర్‌లో కొత్తగా కట్టిన గుడికి ప్రెసిడెంట్, రిటైరైన ఇంజనీరు. నోరు పెద్దది, చెవులు చిన్నవి. ఛాయాదేవి ఆ ఊళ్లోనే సరుకులు రవాణా చేసే ఒక ఫ్రైట్ కంపెనీలో చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఇండియా నుంచి లక్ష్మీదేవి రాతి విగ్రహం తెప్పించాలంటే దారీతెన్నూ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే పిలిచారు. లేకపోతే విడాకులు తీసుకున్న ఆడదాన్ని పేరంటానికైనా పిలవని సంఘం అది.

పిలిచినందుకు ఒక మాట కూడా ఇచ్చారు. "అమ్మవారిని క్షేమంగా తీసుకురా. ప్రతిష్ఠ రోజు మొదటి కలశం నీదే" అంది భీమశంకర్ భార్య లలిత. దేవుడి మీద తనకెంత భక్తి ఉందో ఛాయాదేవికే తెలియదు గానీ, ఆ కలశం మీద మాత్రం ప్రాణం పెట్టుకుంది. తనను చూసీ చూడనట్టు పోయిన ఆడవాళ్లందరి ముందూ దాన్ని ఎత్తుకుని నడవాలి. అంతే కావాలి ఆమెకు.

అందుకే ఓపిగ్గా చెప్పింది. "షిప్పింగ్‌లో అలాగే అంటారు అంకుల్. పంపేవాళ్లు షిప్పర్, అందుకునేవాళ్లు కన్సైనీ. పేపర్స్ నా పేరు మీద ఉన్నాయి కాబట్టి కన్సైనీ నేను. ట్రక్ వచ్చాక డ్రైవర్ డెలివరీ రిసీట్ ఇస్తాడు. పెట్టెకి ఏ డ్యామేజ్ కనిపించినా సంతకానికి ముందే దాని మీద రాయాలి. రాయకుండా సైన్ చేస్తే అది క్లీన్ రిసీట్. అంటే అంతా బాగానే ముట్టిందని మనమే ఒప్పుకున్నట్టు. తర్వాత విరిగిందని మొత్తుకున్నా నష్టపరిహారం క్లెయిమ్ నిలబడదు."

"అప్పుడే విరగడం దాకా వెళ్లిపోయావా! నీ నోట ఒక్క శుభం మాట రాదా?"

అందరూ నవ్వారు. ఛాయాదేవి దిగమింగుకుంది. కలశం కోసం అంతకంటే చేదు కూడా మింగేదే.

ట్రక్ ఒక శుక్రవారం వచ్చింది. గుడి పార్కింగ్ లాట్‌లో పట్టుచీరలు, హారతి పళ్లాలు, స్పీకర్లో సన్నాయి. చెక్కపెట్టె కిందికి దిగింది. ఎడమవైపు అడుగు మూలలో చెక్కలు పగిలి లోపలికి దిగబడి ఉన్నాయి. ఛాయాదేవి వంగి ఆ పగులు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఒక్క నిమిషం. తెరిచి చూద్దాం" అంది.

పూజారి అడ్డుపడ్డాడు. "కళ్లు తెరిపించే క్రతువు కాకముందే అమ్మవారి ముఖం చూడకూడదమ్మా."

"సరే, తెరవను. మూల పగిలిందని రాస్తాను, చాలు."

భీమశంకర్ రసీదు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మవారి పేరు పక్కన పగిలిందని రాస్తావా? శుక్రవారం పూట? సంతకం పెట్టి ఇచ్చేయ్!"

"పెట్టె సంగతండీ, అమ్మవారి సంగతి కాదు."

"ఇందుకేనమ్మా" అంది లలిత పక్కవాళ్లతో, అందరికీ వినపడేట్టు, "కొన్ని పనులు సంసారం నిలుపుకున్నవాళ్లు చెయ్యాలనేది."

డ్రైవర్ వాచీ చూసుకుంటున్నాడు. ఊరుకుని సంతకం పెడితే కలశం తనది. రాస్తే కాదు. ఎవరూ చెప్పక్కర్లేదు, లలిత ముఖంలోనే ఉంది. ఛాయాదేవి రసీదు లాక్కుని, ఎడమ మూల పగిలిందని ఇంగ్లీషులో పెద్దపెద్ద అక్షరాలతో రాసి, కింద సంతకం పెట్టింది. డ్రైవర్ చేత కూడా పెట్టించింది. సన్నాయి ఎవరో ఆపేశారు.

వారం తిరక్కుండా పూజారి తెర కట్టి పెట్టె విప్పాడు. అభయమిచ్చే కుడిచేతికి రెండు వేళ్లు లేవు. విరిగిన విగ్రహం పూజకు పనికిరాదు. ప్రతిష్ఠ ఆగిపోయింది.

తప్పు ఎవరిదో తేల్చడానికి వాళ్లకి ఎంతోసేపు పట్టలేదు. ఛాయాదేవి రాసింది, అందుకే విరిగింది. ఆ మాట ఫోన్లలో చాండ్లర్ అంతా తిరిగి ఆమె చెవిన పడింది. రాయి విరగ్గొట్టేంత మహిమ నా చేతిలో ఉంటే ముందు ఎవరి పళ్లు రాలేవో అనుకుంది. అనుకుని, కార్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

నెల తర్వాత భీమశంకర్ ఆమె ఆఫీసుకే వచ్చాడు, ఒంటరిగా, చేతిలో క్లెయిమ్ ఫారంతో.

"రసీదు మీద నువ్వు రాసింది ఉంది కాబట్టి ట్రక్ కంపెనీ వాళ్లు నష్టపరిహారం ఇస్తారట. కొత్త విగ్రహం తెప్పించొచ్చు. కన్సైనీ సంతకం కావాలంటున్నారు."

"నేను రాసినందుకే కదా విరిగింది?"

"అది వేరు, ఇది వేరు."

ఛాయాదేవి ఫారం ఆయన వైపు తిప్పింది. "ఏం డ్యామేజ్ అయిందో రాసే కాలమ్ ఖాళీగా ఉంది. అది మీరు రాయండి."

"నేనా? నువ్వే రాసేయమ్మా, నీకు అలవాటేగా."

"నా చెయ్యి మంచిది కాదన్నారుగా. మీరు రాస్తే కింద సంతకం పెడతాను. లేదంటే తీసుకెళ్లి హుండీలో వేసుకోండి."

ఆయన అటూ ఇటూ చూశాడు. కళ్లు మూసుకుని పెదాలు కదిపాడు. అమ్మవారి కుడిచెయ్యి, రెండు వేళ్లు విరిగాయని రాశాడు. ఆ ఒక్క లైను రాసేసరికి నుదుట చెమట పట్టింది. ఛాయాదేవి దాన్ని పైకి చదివి, సంతకం పెట్టి, ఫారం చేతికిచ్చింది.

"కొత్త అమ్మవారు వచ్చాక... ఆ కలశం సంగతి లలితతో మాట్లాడతాలే" అని నసిగాడు ఆయన.

ఆ మాటకి గుండె ఇంకా ఎగిరిపడినందుకు ఛాయాదేవికి తన మీద తనకే ఒళ్లు మండింది.

"అదంతా తర్వాత. ముందు గుడికెళ్లి చూసుకోండి అంకుల్" అంది. "మీరూ రాశారుగా, మూడో వేలు ఉందో లేదో."