జారుముడి

వానాకాలంలో ఆదివారం వచ్చిందంటే పిల్లల తల్లిదండ్రులంతా చీపుర్లు, బక్కెట్లు పట్టుకుని బడికి చేరేవాళ్లు. ఊడిన బెంచీలకు మేకులు కొట్టి, కిటికీలు తుడిచి, చివర్లో అందరూ ముందు గోడకి భుజాలు ఆనించి బడిని వెనక్కి నెట్టేవాళ్లు. నేల మెత్తబడితే చాలు, బడి ముందుకి జరిగేది. ముందేమో పాడుబడ్డ క్వారీ గుంత. తొంగిచూస్తే కళ్లు తిరిగేంత లోతు.

ఈ ఏడాది బడి మరీ మొండికేసింది. ఆదివారం నెడితే వారం మధ్యకల్లా అంచుకి వచ్చేస్తోంది. కూతురు రెండో తరగతిలో చేరినప్పటినుంచీ టైలరమ్మకి కంటిమీద కునుకు లేదు. మిషన్ తొక్కుతూ తొక్కుతూ ఆగి, బడివైపు చెవి పెట్టేది.

చివరికి తాళ్లు కొనే డబ్బు కోసం బడి కమిటీ సంత పెట్టింది. కమిటీ పెద్ద బేకరీ ఆయన. ఆయన బన్నులు చేసిచ్చాడు, టైలరమ్మ గుడ్డముక్కలతో సంచులు కుట్టింది. పోయినేడు ఇలాగే సంత పెట్టి, బడి వెనకున్న నీళ్ల ట్యాంకుకి నీలం రంగు వేయించారు. ఈసారి లావుపాటి తాళ్లు వచ్చాయి. బడి వెనక రెండు మూలలనీ గుంజలకి కట్టెయ్యాలి. ఒక మూల బేకరీ ఆయనది, ట్యాంకు వైపు మూల టైలరమ్మది. ముడుల సంగతి ఆమెకి బాగా తెలుసని అందరి నమ్మకం.

ఆమె తాడు చేతిలోకి తీసుకునేసరికి కూతురు కొంగు లాగింది.

"అమ్మా, మా క్లాసు గోడ వణుకుతోంది. చెయ్యి పెట్టి చూడు."

పెట్టింది. సూదిమందు వేయించుకోబోయే పిల్ల చెయ్యిలా గోడ వణుకుతోంది. టైలరమ్మ తలెత్తి ట్యాంకు కాళ్లవైపు చూసింది. కొత్త రంగు చీలి, లోపలి పగులు నోరు తెరిచి ఉంది. ఇన్నాళ్లూ బడి గుంతలోకి పోతోందనుకున్నారు గానీ, అది పారిపోతోంది. ప్రతి ఆదివారం తామే దాన్ని ట్యాంకు కిందికి నెడుతున్నారు.

"అన్నా, ట్యాంకు పగిలింది!"

"మొన్నే కదమ్మా రంగేయించాం!"

"రంగేస్తే పగులు పోతుందా?"

"ముందు బడి గుంతలో పడకుండా చూద్దాం. ట్యాంకుకి ఇంకో సంత పెడదాంలే" అన్నాడు బేకరీ ఆయన, కాలు అదిమిపెట్టి తన ముడి బిగిస్తూ.

పిల్లని ఇంట్లో ఉంచేద్దామా అనుకుంది టైలరమ్మ. మరి మిగతావాళ్లో? సగం మందికి యూనిఫాం కుట్టింది తనే. ఎవరి భుజం ఎంతో ఆమెకి కంఠతా వచ్చు. గట్టిగా కడితే ట్యాంకు భయం, వదిలేస్తే గుంత భయం. ఎటూ పాలుపోక, బడి గట్టిగా లాగితే ఊడేలా జారుముడి వేసింది.

మర్నాడు వాన. పిల్లలు ఎక్కాలు వల్లిస్తున్న వేళ ఊరు అదిరిపడేంత చప్పుడయింది. టైలరమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. 'ఏ ముడి వేశానురా దేవుడా' అని దారంతా ఏడుస్తూనే ఉంది.

రెండో తరగతి ఉన్న చోట నీలం పెళ్లలు, నీళ్లు. ఆమె పెళ్లల మీదికి పరిగెత్తబోయింది. అప్పుడు చూసింది. తెరిచిన తలుపులా బడి పక్కకి తిరిగిపోయి ఉంది. ఒక మూల గుంత మీద వేలాడుతోంది. బేకరీ ఆయన కట్టిన తాడు తీగలా బిగుసుకుని దాన్ని ఆపింది. పిల్లలు వెనక కిటికీల్లోంచి ఒక్కొక్కరే దిగుతున్నారు.

"నీ ముడి ఊడిపోయిందమ్మా" అన్నాడు బేకరీ ఆయన.

"ఊడేలాగే కట్టానన్నా. నీది ఊడలేదు, అదే చాలు."

ఆయన మొహం కప్పుకుని ఏడ్చాడు. కూతురు తల్లి దగ్గరకి రాబోయి, మళ్లీ వెనక్కెళ్లి గోడకి చెయ్యి ఆనించింది.

"ఇప్పుడు వణకట్లేదమ్మా!"

టైలరమ్మ మాత్రం ఆ రోజంతా సూదిలో దారం ఎక్కించలేకపోయింది.