చుక్కలు పెట్టిన చోట

తడిసిన కాగితం వాసన. చల్లారిన టీ వాసన. కిటికీలు తెరవని హాల్లో నిన్నటి చెమట వాసన.

పేపర్లు దిద్దుతున్నాం.

పరీక్షలయ్యాక టీచర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి జవాబులు దిద్దిస్తారు. ఆ పనిని మేం క్యాంపు అంటాం. ఈసారి ఆ మాటను ఎవరో ఒకరు పట్టుకుంటారని నాకు ముందే తెలుసు.

పట్టుకున్నారు.

“ఇదీ క్యాంపే కదండీ! మనమూ ఖైదీలమే. కాకపోతే మనకి బిస్కెట్లు ఇస్తారు.”

అందరూ నవ్వారు. నా పెదవులు కూడా సాగాయి.

ఛీ.

ప్రశ్నపత్రంలో ఒక పేరా ఇచ్చారు. యుద్ధంలో ఆడవాళ్ళనీ పిల్లల్నీ పట్టుకుపోయి ముళ్ళకంచెల క్యాంపుల్లో పడేసిన కాలం నాటిది. ఒక అక్క, ఒక చెల్లెలు. బతికి బయటపడిన అక్క, పెద్దయ్యాక రాసిన పుస్తకంలోంచి తీసుకున్నారు.

ఆ అక్క మా పెద్దమ్మ.

ఆ చెల్లెలు మా అమ్మ.

పెద్దమ్మ పోయింది. అమ్మ ఉంది. హాల్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు.

పేరా ఇలా అచ్చయింది:

“చెల్లెలు గంజి గిన్నెను రెండు చేతులా పట్టుకుని నిలబడింది... గిన్నె అడుగున నా ముఖం కనిపించింది. ఆ రాత్రి చెల్లెలు నా ఒళ్ళోనే నిద్రపోయింది.”

ప్రశ్న— అక్క చేసిన త్యాగాన్ని వివరించండి. అయిదు మార్కులు.

మా చేతికిచ్చిన కీలో జవాబు— అక్క తన వాటా కూడా చెల్లెలికే తాగించి, ఖాళీ గిన్నెలో తన ముఖం చూసుకుంది. త్యాగం అన్న మాట ఉంటే ఇన్ని, ఖాళీ గిన్నె ప్రస్తావన ఉంటే ఇన్ని. ఆకలికి కూడా మార్కులు పంచారు.

దిద్దుతూ పోయాను. త్యాగం. త్యాగం. మహా త్యాగం. అక్క కాదు, దేవత.

నాలుక మీద ఏదో పాచి పేరుకుంటున్నట్టుంది.

అప్పుడొచ్చింది ఆ పేపరు.

వంకర టింకర అక్షరాలు. ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు. నంబరు మీద కాగితం అంటించేస్తారు.

“మొదటి వాక్యంలో గిన్నె చెల్లెలి చేతుల్లో ఉంది. చుక్కల తర్వాత గిన్నె అడుగు కనిపించింది. అంటే గిన్నె ఖాళీ అయింది. కనిపించిన ముఖం అక్కది. గిన్నె ఎవరి ముఖం దగ్గరుంటే వాళ్ళే తాగినట్టు. నాకు త్యాగం కనపడలేదు. చుక్కల చోట ఏం తీసేశారో చెబితే మిగతాది రాస్తాను.”

మళ్ళీ చదివాను.

మళ్ళీ.

చుక్కల చోట ఏముందో నాకు తెలుసు. పెద్దమ్మ పుస్తకంలో అక్కడ ఇలా ఉంది: “లాక్కున్నాను. అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.”

ఆ మాట రాయడానికి పెద్దమ్మకి సగం జీవితం పట్టింది. అచ్చుకి ఇచ్చే ముందు మా వంటింటి గడప మీద కూర్చుని అమ్మకి చదివి వినిపించింది. “ఉంచనా, కొట్టేయనా?” అని అడిగింది. అమ్మ పొయ్యి మీద నుంచి చూపు తిప్పలేదు.

“ఉంచు” అంది.

ఇద్దరూ కలిసి ఉంచిన మాట అది. ఎవరో తీసి పారేశారు. ఆ చోట చుక్కలు పెట్టారు. మీద త్యాగం అని చీటీ అంటించారు.

అయిదుకి అయిదు వేశాను.

చీఫ్ గారు మా మీద అధికారి. మంచివారే, కసురుకోవడం కూడా రాదు. నాలుకతో వేలు తడుపుకుంటూ పేజీలు తిప్పుతారు. ప్రతి పేజీ మూలా కాస్త తడి. నేను దిద్దిన కట్ట అలాగే తిప్పి, ఆ పేపరు దగ్గర ఆగారు.

“మేడమ్, ఇదేంటి? కీలో లేదుగా.”

“పేరాలో ఉంది సార్.”

“పేరాలో బోలెడుంటాయి మేడమ్. మనం దిద్దేది కీని బట్టి.”

నా అయిదు కొట్టేశారు. సున్నా చుట్టారు. సంతకం పెట్టి, దాని మీద తడి వేలు ఆనించి పేజీ తిప్పేశారు.

సాయంత్రం అమ్మతో చెప్పాను. బట్టలు మడత పెడుతూ వింది. చివర్న ఒక్కటే అడిగింది.

“ఆ బిడ్డకి సున్నానా?”

“సున్నానే.”

“రేపు నన్ను తీసుకెళ్ళు.”

తీసుకెళ్ళాను. బయటివాళ్ళని రానివ్వని గేటు దగ్గర బతిమాలి లోపలికి తెచ్చాను.

ఈవిడే ఆ చెల్లెలని చెప్పగానే హాలు లేచి నిలబడింది. కుర్చీ వచ్చింది. టీ వచ్చింది. ఫోన్లు గేటు దగ్గర పెట్టించేశారని, ఫొటోకి వీల్లేదని ఒకాయన నిజంగానే బాధపడ్డాడు. బిస్కెట్ల జోకు వేసిన ఆయన అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

చీఫ్ గారి కళ్ళు చెమర్చాయి.

“ఎంత త్యాగమమ్మా మీ అక్కగారిది!”

“లాక్కుంది నాయనా.”

“అమ్మా?”

“ఆకలేసింది. లాక్కుంది. ఆ తర్వాత నన్ను కడుపులో పెట్టుకుని సాకింది, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం లాక్కుంది. దాచుకోకుండా రాసుకుంది కూడా. మీరెందుకు తీసేశారు?”

ఫ్యాను తిరుగుతోంది. చీఫ్ గారు కళ్ళు తుడుచుకున్నారు.

“పిల్లలు చదివేది కదమ్మా... కాస్త మంచిగా ఉండాలని. మీ అక్కగారి పరువు కోసమే.”

“అక్క అడిగిందా మిమ్మల్ని?”

ఆయన నవ్వారు. పెద్దవాళ్ళ మాటకి నవ్వేసినట్టు, మెత్తగా, తడిగా.

“పోనీ, ఆ బిడ్డ మార్కులు?”

“కీ మార్చే అధికారం నాకు లేదమ్మా. టీ చల్లారిపోతోంది, తీసుకోండి.”

అమ్మ కప్పు వైపు చూసింది. టీ మీద మీగడ కట్టింది. వేలితో కప్పును బల్ల అంచు దాకా తోసి లేచింది.

గేటు దాకా నడిచాం. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆ బిడ్డ ఎవరో తెలుసుకోలేమా?”

“లేమమ్మా.”

“తెలిస్తే ఒక్క మాట చెప్పేదాన్ని.”

“ఏమని?”

“గిన్నె ఊరికే చేతులు మారలేదని.” ఆగింది. “కొరికానే అక్కని. మణికట్టు దగ్గర. నెత్తురొచ్చేదాకా కొరికాను. అయినా వదల్లేదు అది.”

ఇన్నేళ్ళలో నాతో ఎప్పుడూ అనలేదు.

“పుస్తకంలో లేదుగా అమ్మా?”

“లేదు. తను లాక్కున్నది రాసింది. నేను కొరికింది రాయలేదు.”

అమ్మ పెదవులు వణికాయి. ఏడుపేమో అనుకున్నాను. కాదు. పక్కకి తిరిగి రోడ్డు వారన ఉమ్మేసింది. కొంగుతో మూతి తుడుచుకుంది. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

నేను లోపలికి వచ్చాను.

బల్ల మీద కట్టలు. నా ఎర్ర పెన్ను. పక్క బల్ల దగ్గర అందరూ అమ్మ గురించే మాట్లాడుకుంటున్నారు— ఎంత సాదాసీదాగా ఉన్నారండీ, అని.

పై పేపరు తీశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. మార్జిను వంపు లేకుండా కొట్టి ఉంది. మొదటి మాటే— త్యాగం.

కీ ప్రకారం అయిదు.

వేశాను.

పేజీ తిరగలేదు, అంటుకుపోయింది. వేలు నోటి దాకా వెళ్ళింది...