పద్దెనిమిదో నిమిషం

నేను ఒక షిన్‌గార్డ్‌ని. ఎడమకాలిది. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు మోకాలి కింద ఎముకకు అడ్డంగా, సాక్స్ లోపల కట్టుకునే తెల్లటి ప్లాస్టిక్ డొప్పని. నా బతుకంతా చెమటలోనే నానింది. బురద బూట్ల గది, ఎండని సాక్స్ మూట, పులిసిపోయిన నా లోపలి స్పాంజి... వీటిలో ఏదీ నాకు అసహ్యం అనిపించలేదు. అవి పనిచేసిన కాళ్ళ వాసనలు. నాకు వెగటు పుట్టించింది ఒక మనిషి పూసుకున్న అత్తరు. అతని దగ్గరికి వస్తాను.

జలంధర్‌లో ఒక రేకుల షెడ్డులో అచ్చులోంచి ఊడిపడ్డాను. కుడికాలి కవల నాతోనే పుట్టింది. మమ్మల్ని కొన్నది లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు ఇమ్మానుయేలు. వర్క్‌షాపు జట్టులో హాఫ్‌బ్యాక్, మైదానం మధ్యలో ఆడేవాడు. పదకొండేళ్ళు ఆయన కాలికి కాపలా కాశాను. అక్కడే మనుషుల సంగతి కొంత తెలిసింది. ఎదురుగా బంతి పెట్టుకుని అవతలివాడి ఎముక కోసం వెతుకుతారు. పైగా తన్నినవాడే ముందు నేలమీద పడి మూలుగుతాడు.

ఇమ్మానుయేలు మోకాళ్ళు అరిగాక మమ్మల్ని చెల్లెలి కొడుకు నెహెమ్యాకి ఇచ్చాడు.

"అల్లుడూ, ఎవడన్న తన్నాలంటె ముందుగాల దీన్ని తన్నాలె. గుర్తుంచుకో" అన్నాడు.

నెహెమ్యా మిడ్‌ఫీల్డర్. బంతి కాలికి అందకముందే దాన్ని ఎటు పంపాలో అతనికి తెలిసిపోయేది. ఆ తొందర పిక్కలోంచి నాకు తగిలేది. పంతొమ్మిదో ఏట మూసీ రోవర్స్ అనే క్లబ్బు అతనితో ఒప్పందం రాయించుకుంది. ఇంట్లో ప్రార్థన పెట్టించారు, కేకు కోశారు. ఆ తర్వాత పదకొండు మ్యాచ్‌లు బెంచీ మీద కూర్చోబెట్టారు.

బెంచీ మీద మాకు దక్కింది ఎగతాళే. ఇప్పటి ఆటగాళ్ళు అరచేతిలో పట్టేంత గార్డులు కట్టుకుంటారు. నేను పాతకాలం దాన్ని, జానకి పైనే ఉంటాను. గోల్‌కీపర్ లింబాద్రి రోజూ అదే జోకు వేసేవాడు.

"ఏం ర నెమీ, మీ మామ ఇంటి దర్వాజ పీకి కాలుకు కట్టిండా?"

"గోల్ దగ్గర నిన్ను నమ్ముకునుడు కంటె దర్వాజనే నయం అన్న" అనేవాడు నెహెమ్యా. అందరూ నవ్వేవారు. నాకు లింబాద్రి నచ్చేవాడు. అప్పట్లో.

పన్నెండో మ్యాచ్ పొద్దున కోచ్ రఘోత్తం నెహెమ్యాని తన గదికి పిలిచాడు. అత్తరు గుప్పుమంది. అతను నెహెమ్యా మొహం కూడా చూడలేదు. వంగి వేలి కణుపుతో నన్ను టకటకా కొట్టాడు.

"ఇంత పెద్దది, ఇంత తెల్లది మన టీంల ఇంకెవరికి లేదు కదా?"

"లేదు సార్."

"ఇయ్యాల నిన్ను ఆడిపిస్త. మధ్యల ఆడెటోనివి, స్టాండ్లున్నోళ్ళందరికి కనిపిస్తవ్. ఇరవై నిమిషాల లోపల ఎడమ సాక్ కిందికి గుంజెయ్. ఇది కనిపించాలె. గంతే నీ పని. మిగిలింది లింబాద్రి చూసుకుంటడు."

నెహెమ్యా పిక్క రాయిలా బిగుసుకుంది. నేను కనిపిస్తే లింబాద్రి గోల్స్ వదిలేస్తాడు. స్టాండులో ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఈ మ్యాచ్ అమ్ముడుపోయిందని తెలుసుకుని పందేలు కాస్తారు. ఇరవై నిమిషాలూ నేను కనిపించకపోతే బేరం రద్దు. ఎముక కాపాడడానికి పుట్టినదాన్ని. నన్ను దుకాణం బోర్డు చేశాడు ఆ మనిషి.

"ఎట్ల? ఆడ్తవా, బెంచి మీదనే కూసుంటవా?"

"సరె సార్" అన్నాడు నెహెమ్యా.

అతను అబద్ధం ఆడాడని నాకు వెంటనే తెలిసింది. డ్రెస్సింగ్ రూంలో సాక్ మోకాలి దాకా లాగాడు. దానిమీద టేపు మూడు చుట్లు చుట్టాడు. ఆగి, మళ్ళీ రెండు చుట్లు. జట్టులోకి రావడానికి మాట ఇచ్చి, మైదానంలో దాన్ని ఎగ్గొడదామనుకున్నాడు. ఇరవై నిమిషాలు గడిస్తే చాలనుకున్నాడు. ఇరవై ఏళ్ళవాడి లెక్క. ఆ గదిలో నిజం చెప్పని మనిషిని బయట ఎవరూ నమ్మరని అతనికి తోచలేదు.

ఆట మొదలైంది. అలా ఆడడం నేనెప్పుడూ చూడలేదు. పదో నిమిషంలో ముగ్గురి మధ్య నుంచి బంతి తీశాడు. పదిహేనో నిమిషంలో అతను కొట్టిన బంతి గోల్ స్తంభాన్ని తాకి వచ్చింది. పదిహేడు అయింది. ఇంకో మూడు నిమిషాలు.

పద్దెనిమిదో నిమిషంలో నెహెమ్యా బంతిని కుడివైపు పంపేశాడు. రెఫరీ దాని వెంట పరిగెత్తాడు. మైదానానికి ఉన్న ఒకే ఒక్క కెమెరా అటే తిరిగింది. అప్పుడు వచ్చింది కాలు. అవతలి డిఫెండర్ ఆలస్యంగా, అడ్డంగా, బూటు కింది ఇనుప స్టడ్స్ ముందుపెట్టి జారాడు. టేపు తెగింది. సాక్ నిలువునా చీలి మడమ దాకా జారిపోయింది. నా ఒంటిమీద మూడు గాట్లు పడ్డాయి. ఎముక విరగలేదు. నా పని నేను చేశాను.

కానీ నేను బయట ఉన్నాను. ఎండలో తెల్లగా మెరుస్తూ.

నెహెమ్యా సాక్ పైకి లాగాడు. జారింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ జారింది. ఆట ఆగలేదు. ఒక చేత్తో సాక్ పట్టుకుని, వంగి కుంటుతూ పరిగెత్తాడు. స్టాండులో నల్లకళ్ళద్దాల వాడొకడు ఫోను చెవికి పెట్టుకున్నాడు. పక్కవాడూ పెట్టుకున్నాడు.

ఇరవై నాలుగో నిమిషంలో చంటిపిల్ల కూడా ఆపగల బంతికి లింబాద్రి అవతలి వైపు దూకాడు. గోల్. ముప్పై ఎనిమిదిలో ఇంకోటి.

విరామంలో లింబాద్రి వచ్చి నెహెమ్యా భుజం మీద చెయ్యి వేశాడు. "మస్త్ జేసినవ్ ర తమ్మీ. నేనైతే గింత సాఫ్‌గ చింపుకునెటోన్ని కాదు."

"నేను జెయ్యలె అన్న. ఆడు తన్నిండు."

"చేసినవ్" అన్నాడు రఘోత్తం, అతని తల నిమురుతూ. "అందరు చూసిండ్రు."

నెహెమ్యా చినిగిన సాక్ విప్పి మురికి బట్టల బుట్టలో పడేశాడు. రెండో సగంలో అతన్ని ఆడించలేదు.

రెండు నెలలకు పందెగాళ్ళలో ఒకడు పోలీసులకు దొరికాడు. వాడి ఫోనులో 'ఎడమ సాక్' అన్న మాట ఉందట. ఫుట్‌బాల్ సంఘంవాళ్ళు విచారణ పెట్టి, ఆ రోజు కట్టుకున్న షిన్‌గార్డ్ తెమ్మని నెహెమ్యాకి కబురు పంపారు. అతను సంతోషించాడు. మేనమామ నన్ను ఒళ్ళో పెట్టుకుని మూడు గాట్ల మీద వేలు నడిపించాడు.

"ఇదొక్కటి సాలు అల్లుడూ. గుంజుకుంటె గిట్ల గీతలు పడయి."

విచారణ ఆఫీసు గుమాస్తా నన్ను అందుకుని బల్లమీద పెట్టాడు. జానెడు కాగితం తీసి, జిగురు పూసి, అందరికీ బాగా కనబడాలని సరిగ్గా నా నడుమ అంటించాడు. వస్తువు సంఖ్య మూడు. తేదీ. సంతకం. ముద్ర. మూడు గాట్లూ దాని కిందికి పోయాయి.

లోపల ముగ్గురు పెద్దమనుషులు. ముందుగా రఘోత్తం సాక్ష్యం చెప్పాడు. ఆ అత్తరే. "పిల్లగాడు మంచోడే అనుకున్న సార్. గని నాకు ముందు నుంచె అనుమానం" అన్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. లింబాద్రి తనకేమీ తెలియదన్నాడు. చినిగిన సాక్ ఏదని అడిగితే జట్టు బట్టలు చూసుకునే కిట్ మ్యాన్ ఐలయ్య చేతులు కట్టుకున్నాడు.

"చినిగినయన్ని ఆ రోజే కత్తిరించి బూట్లు తుడుస్త సార్. మొదటి సంది గదే అలవాటు. ఆ మ్యాచ్‌ల నాలుగు చినిగినయ్. ఎవలియో యాదికి లేదు."

అధ్యక్షుడు నెహెమ్యా వైపు తిరిగాడు. "కోచ్ నిన్ను అడిగాడంటున్నావు. నువ్వేమన్నావు?"

"సరె అన్న సార్. గని జెయ్యలె."

ముగ్గురూ ఒకేసారి ఏదో రాసుకున్నారు.

"సార్, ఆ కాయితం పీకి చూడుండ్రి. కింద స్టడ్స్ గీరిన గాట్లున్నయ్. ఒక్కసారి సార్!" నెహెమ్యా చెయ్యి నా వైపు చాచాడు.

అధ్యక్షుడు పెన్నుతో ఆ చేతిని పక్కకు నెట్టాడు. "సాక్ష్యాన్ని ముట్టుకోకూడదు బాబూ. నిబంధన."

రెండేళ్ళ నిషేధం. మొత్తం పద్దెనిమిది నిమిషాలు నిజంగా ఆడిన మిడ్‌ఫీల్డర్‌కి.

ఇప్పుడు నేను ఆ ఆఫీసు ఇనుప బీరువాలో, ఫైళ్ళ మధ్య ఉన్నాను. చెమట వాసన ఎప్పుడో ఎండిపోయింది. అప్పుడప్పుడు పక్క గదిలోంచి గోడ దాటి అత్తరు వస్తుంది. యువ ఆటగాళ్ళకి నిజాయితీ నేర్పే కమిటీలో రఘోత్తం సభ్యుడయ్యాడు. ఇక్కడే కూర్చుని వాళ్ళకి ఉపన్యాసాలిస్తాడు.

ఈ వానాకాలం చెమ్మకి జిగురు వదులుతోంది. కాగితం ఒక మూల లేచింది. మొదటి గాటు బయటపడింది.

బీరువా తాళం గుమాస్తా జేబులో ఉంది.