ఎనిమిది నిమిషాల దారి

మధ్యాహ్నం మూడున్నర. పొద్దున్నుంచీ ఒకటే వాన.

ముందుగదిలో రైలుబల్ల కింద పెట్టిన బకెట్ నిండింది. ఆమె దాన్ని పెరట్లో ఒంపి, తెచ్చి మళ్లీ అక్కడే పెట్టింది. ఇంటి కప్పు కారడం లేదు. కప్పు మంచిదే. రైలుదారి మీద వాన పడితే బల్ల తడుస్తుంది, అంతే. ఎండాకాలం బల్ల మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. చలికాలం తెల్లారుజామున మంచు పట్టేది, గుడ్డతో తుడిచేది. మూడేళ్లుగా ఇంటిపనిలో అదీ ఒక పని.

బల్ల ఆమె మొగుడిది. ఆ పల్లె లైను మీద ముప్పై రెండేళ్లు కీమన్‌గా చేశాడు. రోజూ భుజాన సుత్తీ పానా వేసుకుని పట్టాల వెంట నడుస్తూ, వదులైన ప్రతి నట్టూ బిగించుకుంటూ పోవడమే ఆ ఉద్యోగం. రిటైరైనా అందరికీ కీమనే. ఇంట్లో ఊరికే కూర్చోలేక, తను నడిచిన లైనంతా అడుగున్నర వెడల్పు పలకల మీద కట్టుకున్నాడు. స్లీపర్లకి అగ్గిపుల్లలు, కంకరకి జల్లించిన ఇసక, గడ్డికి రంగేసిన రంపంపొట్టు. ఏ గేటు దగ్గర ఏ రాయి పగిలి ఉందో కూడా మర్చిపోలేదు. కట్టడం అయ్యాక, పెద్ద రైలు కదిలితే బల్ల మీద చిన్న రైలూ కదలడం మొదలెట్టింది. అక్కడ ఆగితే ఇక్కడా ఆగేది. కూతురు పని నుంచి ఎప్పుడొస్తుందో బల్ల చూసుకునే ఆమె పొయ్యి మీద నీళ్లు పెట్టేది.

కట్టేటప్పుడు ఒక్కచోట చిక్కొచ్చింది. మలుపుకీ వాగు వంతెనకీ మధ్య తిన్నగా సాగే దారి ఒకటుంది. అది కూడా కలిపితే బల్ల ఐదడుగులు ఎక్కువైంది. వంటింటి గోడ అడ్డమొచ్చింది. కీమన్ ఆ ఐదడుగుల ముక్కని రంపంతో కోసి అటక మీద పడేశాడు. మలుపు పలకని తెచ్చి నేరుగా వంతెన పలకకి బిగించేశాడు.

మర్నాటి నుంచి రైలు ఎనిమిది నిమిషాలు ముందొచ్చింది. స్టేషన్ మాస్టరు బోర్డు మీద సుద్దముక్కతో టైము దిద్దాడు. జనం సంతోషించారు. పై ఆఫీసు నుంచి కీమన్‌ని మెచ్చుకుంటూ ఉత్తరం కూడా వచ్చింది.

గొణిగింది రైలు నడిపేవాడొక్కడే. వాడు ఆమె తమ్ముడు.

"బావా, ఆ తిన్నటి దారి మళ్లీ పెట్టవయ్యా. మలుపు తిరిగేసరికి వంతెన మీదుంటున్నా. దాని మీద మేక నిలబడ్డా ఆపలేను."

"ఎక్కడ పెట్టమంటావ్? నీ నెత్తినా?"

"నున్నగా ఉంది కదా, పెట్టుకో. గడ్డి మాత్రం నువ్వే తెచ్చుకోవాలి."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ తర్వాత తమ్ముడు స్టేషన్లో రెండుసార్లు కాగితం రాసిచ్చాడు. మాట అక్కడితో ఆగింది.

ఇప్పుడు నాలుగైంది. చిన్న రైలు అవతలి కొస నుంచి బయల్దేరింది. కూతురు ఆస్పత్రిలో పగటి డ్యూటీ దిగి ఈ రైలే ఎక్కుతుంది. కాసేపటికి ఆమె మళ్లీ బకెట్ కోసం వంగింది. నీళ్ల అడుగున ఎర్రమట్టి పేరుకుని ఉంది. కీమన్ ఎర్రమట్టి వాడింది ఒక్కచోటే, వంతెన గట్టుకి.

తలెత్తి చూసింది. వంతెన మొదటి కాలు పక్కకి ఒరిగి ఉంది. చూస్తుండగానే జారింది. దాంతోపాటు జానెడు వంతెన ఊడి వాగులో పడింది.

"ఏవయ్యా!"

కీమన్ వచ్చి చూశాడు. మొహంలో నెత్తురు లేదు. గమ్ముసీసా తెచ్చి కాలు అతికించబోయాడు. తడిలో గమ్ము పట్టలేదు. వేళ్లకే అంటుకుంది.

ఆమె స్టేషన్‌కి ఫోన్ చేసింది.

"రైలు వంతెనకి ముందున్న ఆఖరి స్టేషన్ దాటేసిందమ్మా," అన్నాడు మాస్టరు. "ఇంజన్లో ఫోన్ కట్టేసుకోవాలి, మీ తమ్ముడైనా అదే రూలు."

"వంతెన పడిపోయిందయ్యా!"

"బల్ల మీద చూశారా?"

"బల్ల మీదే."

"అయితే పడే ఉంటుంది. ఓ కాగితం రాసివ్వండి, పైకి పంపిస్తా."

"మా తమ్ముడు రాసిచ్చినవి ఏం చేశావ్?"

"ఫైల్లో భద్రంగా ఉన్నాయమ్మా."

"అవొక్కటే ఉన్నాయి భద్రంగా!" అని ఫోన్ పెట్టేసింది. కూతురికి చేసింది. కొండల మధ్య ఆ ఫోన్ ఎప్పుడూ అందదు. ఇవాళా అందలేదు.

చిన్న రైలు మొదటి గేటు దాటింది. ఆమె దాని మీదికి చెయ్యి చాచింది.

"ముట్టకు!" అని అరిచాడు కీమన్.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. నిరుడు నడుస్తున్న పెట్టె మీద దుమ్ము కనపడి అతను వేలితో తుడిచాడు. లోపల ఒక ముసలాయన భుజం ఎముక విరిగింది.

"మరి నువ్వాపు!" అంది. గొంతు ఆమెది కానట్టుంది. "నువ్వు కోసింది ఐదడుగుల చెక్క కాదు, వాడు బ్రేకు వేసుకునే జాగా. ముప్పై రెండేళ్లు ఏం చూసుకుంటూ నడిచావ్, నీ బూట్లా?"

"ఈ గోడ ఎవరిదే?"

"ఏంటి?"

"గోడకి కన్నం కొట్టి అటు పెడతానన్నాను. నా వంటింట్లోకి అంగుళం వస్తే ఇల్లు తగలబెడతానన్నది ఎవరు?"

ఆమె ఆ గోడ వైపు చూసింది.

అన్న మాటే. ముందుగది పోయింది, మంచం పోయింది, బీరువా వరండాలోకి వెళ్లింది. మిగిలింది ఆ వంటిల్లు. ఆ రోజు ఒళ్లు మండి అనేసింది. అన్నాక హాయిగా నిద్రపోయింది కూడా. కోపం ఎవరి మీదో తేల్చుకునే టైము లేదు.

పెరట్లోంచి గునపం తెచ్చింది.

"ఉండు, గిన్నెలు తియ్యనీ," అన్నాడు కీమన్.

"గిన్నెలు పోనీ. అటకెక్కి ముక్క దించు."

ఒంటి ఇటక గోడ. మొదటి పోటుకి సున్నం రాలింది. "ఇది మాస్టరుకి," అంది. రెండో పోటుకి అవతల అలమార ఊగి, గిన్నెలన్నీ గచ్చు మీద పడ్డాయి. "ఇది మెచ్చుకుంటూ ఉత్తరం రాసినవాడికి." తర్వాతి పోట్లు ఎవరికో చెప్పలేదు. పళ్లు బిగించి పొడిచింది. అరచేతుల్లో పొక్కులు లేచి చితికాయి. కన్నంలోంచి వంటింటి కిటికీ కనపడింది. ఆ తర్వాత పొయ్యి కనపడింది.

"రెండో గేటు దాటింది," అన్నాడు కీమన్ అటక మీంచి దిగుతూ. "పది నిమిషాలుంది."

"లెక్కలు చెప్పకు. నట్లు విప్పు."

అతను మలుపు దగ్గర నట్లు విప్పాడు. ఇద్దరూ కలిసి వంతెన పలకని కన్నంలోంచి వంటింట్లోకి నెట్టారు. ఆ పలక మీద వాగుంది, వంతెనుంది, వాళ్ల ఊరూ ఉంది. పలక జరిగినప్పుడు కాళ్ల కింద ఇల్లు కూడా మెల్లగా జరిగింది. పడిపోకుండా బల్ల పట్టుకుని, మళ్లీ నెట్టారు. ఊరి స్టేషన్ పొయ్యి పక్కన ఆగింది. ఇవతల ఐదడుగుల ఖాళీ వచ్చింది. అందులో ముక్క దించారు. దాని మీద మూడేళ్ల బూజు. ఆమె కొంగుతో ఒక్క తుడుపు తుడిచింది.

ఇక అతుకులు. వంతెన వైపు అతుకు బిగిసింది. మలుపు వైపు అతుక్కి నాలుగు నట్లు, ఆవగింజంతేసి. కీమన్ పట్టుకారుతో పట్టుకున్నాడు. ఒకటి జారి కింద పడింది. ఆమె నేల మీద పాకి వెతికి తెచ్చిచ్చింది.

"వణక్కు."

"నేను వణకట్లేదు. చేతులు వణుకుతున్నాయి."

చిన్న రైలు మలుపులోకి వచ్చింది. మూడు నట్లు పడ్డాయి. కీమన్ చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"మూడుతో ఆగుద్దిలే."

"నీ సర్వీసులో ఎప్పుడైనా మూడుతో వదిలేశావా?"

అతను నాలుగోది పెట్టి, తిప్పి, చెయ్యి లాగేశాడు. అతని గోరుని రాసుకుంటూ రైలు దాటింది.

తిన్నటి దారి మీదకి వచ్చింది. నాలుగు బెత్తెలు మామూలుగానే నడిచింది. తర్వాత చక్రాల కింద సన్నగా కీచుమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. కీచుమంటూనే వచ్చింది, వచ్చింది, వాగుకి బెత్తెడు ఇవతల ఆగింది.

ఆమె కూలబడింది. పెట్టెలో ఎవరెలా ఉన్నారో తెలీదు. కీమన్ బల్ల మీద మనుషుల్ని చెయ్యలేదు. మనుషుల్ని చెయ్యడం తనకి చేతకాదన్నాడు.

అతను మూలనున్న ఎర్రజెండా తీశాడు.

"ఎక్కడికి?"

"వంతెనకి మన వైపు జెండా పాతాలి."

"మన వైపు నుంచి ఏ రైలొస్తుంది? లైను మొత్తానికి ఉన్నది ఒక్కటి!"

"రాదు. అయినా రెండు పక్కలా పెట్టాలి."

"పో! నువ్వూ ఆ వాగులో పడు!" అని అరిచింది. అప్పటికే ఇంటి గేటు దాటాడు. విన్నాడో లేదో.

చీకటి పడే ముందు వాన తెరిపిచ్చింది. రైలు దిగినవాళ్లు లారీల వంతెన మీదుగా చుట్టు తిరిగి నడిచొస్తున్నారు. ఊళ్లోకి ఆ రోడ్డొక్కటే. అది ఆమె గేటు ముందు నుంచే పోతుంది. ఆమె గేటు పట్టుకుని నిలబడింది.

అందరికంటే ముందు గార్డు వచ్చాడు. "ముప్పై ఒక్కరమ్మా. నేనూ డ్రైవరూ కాక. ఎవరికీ ఏం కాలేదు."

"నువ్వు చెప్పకు. నేను చూసుకుంటాను. నువ్వు ఒకటి."

పాలకేంద్రం గుమాస్తా. టైలరు, వాళ్లావిడ, చంకలో పిల్ల. ఆ పిల్లనీ లెక్కేసింది. కర్ర పట్టుకున్న ముసలామె దగ్గరకి వచ్చేదాకా ఆగింది. కూతురు చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చింది. పద్దెనిమిది. ఒళ్లంతా తడిమి చూసి వదిలింది. కూతురు లోపలికి వెళ్లి కేకేసింది.

"అమ్మా, వంటింటి గోడేదీ?"

"తర్వాత."

చివర్న తమ్ముడు. మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, మలుపు తిరిగాను, ఎదురుగా ఆ పాత దారి. దాని చివర వంతెన లేదు. నేను..."

"తెలుసు. పక్కకి జరుగు, లెక్క తప్పుతోంది. ముప్పై మూడు."

"అంతే, అందరూ వచ్చేశారు. లోపలికి రా."

"నువ్వెళ్లు."

రోడ్డు ఖాళీ అయింది. ఎదురింట్లో దీపం వెలిగింది. ఆమె గేటు వదల్లేదు. చేతుల పొక్కులు మండుతున్నాయి. వాగులో పడమని తను అన్న మాటే చెవుల్లో తిరుగుతోంది.

చాలాసేపటికి రోడ్డు మలుపు దగ్గర ఒక మనిషి కనపడ్డాడు. మోకాళ్ల దాకా బురద, ఒక కాలికే చెప్పు. గేటు ముందుకి వచ్చి, తిట్లు పడతాయని తల వంచుకుని నిలబడ్డాడు.

కోపం తగ్గలేదు. అయినా గేటు తీసింది.

"ముప్పై నాలుగు," అంది.