హైదరాబాద్ పక్కనే సార్

పొద్దున లేవగానే మల్లికార్జున్ చేసే మొదటి పని చాయ్ పెట్టడం, రెండోది భార్య నాగరాణిని బండి మీద వికారాబాద్ బస్టాండులో దింపడం. ఆమె తాండూరులో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో బిల్లులు రాస్తుంది. ఆమె బస్సెక్కాక ఇతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అనంతగిరి రోడ్డులో ఇంటి వెనకే పడ్డ వెంచర్‌కి వెళ్లి ప్లాట్లు అమ్ముతాడు. ఒకప్పుడు తాత గొర్రెలు మేపిన చోటు. గొర్రెలు గడ్డిని చూసి వచ్చేవి, కస్టమర్లు కమానును చూసి వస్తారు, గొర్రెలే నయం అంటాడు.

అందరు ఏజెంట్ల లాగే అతనూ "హైదరాబాద్ పక్కనే సార్" అంటాడు. కాకపోతే, అతను అంటే నిజంగానే పక్కకొస్తుంది. గంట అంటే గంట. ముప్పావు గంట అంటే ముప్పావు గంట. పదో తరగతి సోషల్‌లో తప్పినవాడి నోటికి దేవుడు జిల్లా భూగోళాన్ని అప్పజెప్పాడని తనమీద తనే నవ్వుకుంటాడు.

చిక్కల్లా రోడ్డుతోనే. హైదరాబాద్ నుంచి తాండూరు దాకా అది ఉన్నంతే ఉంటుంది. ఇటు లాగితే అటు సాగుతుంది. హైదరాబాద్ దగ్గరైన కొద్దీ తాండూరు దూరం జరిగింది. నడుమ కంది చేలు ఎంత సాగాయంటే, దున్నేవాళ్లకు ఒక్క సాలు చివరికొచ్చేసరికే సద్ది వేళవుతోంది. తాండూరు బస్సు కండక్టర్ యోబు బస్టాండులో రోజూ మొత్తుకుంటాడు.

"మల్లన్నా, జర నోరు కట్టేసుకోరాదె! నువ్వొక ప్లాటు అమ్మినప్పుడల్లా మా డ్రైవర్ నడుము పోతున్నది."

నోరు కట్టేసుకుంటే అమ్మకం లేదు. అమ్మకం ఉంటే నాగరాణి ఇంటికి రాదు. ఆమెను ఉద్యోగం మానమనే మొహం లేదు. ప్లాట్లు పోని రోజుల్లో ఇల్లు నడిచింది ఆ బిల్లుల మీదే.

శుక్రవారం పొద్దున చెప్పులేసుకుంటూ ఆమె అంది, "తాండూర్ల పద్మారాణి ఆంటీ మిద్దె మీద రూం ఖాళీ ఉందంట. ఇయ్యాల డ్యూటీ దిగి మాట్లాడుకుంట. ఇగ ఆడ్నే ఉంట."

"ఐతారం ఐతారం వస్తవ్ కద?"

"నువ్వు గిట్లనే అమ్ముకుంట పోతె, ఐతారం బయల్దేరి మంగళారం చేరుత."

"తాండూరు పక్కనే" అని అతను అప్పటికే గోడకు చెప్పి చూశాడు, ఎదురింటి బర్రెకు చెప్పి చూశాడు. కదల్లేదు. కొనేవాడి చెవిన పడితేనే ఆ మాట పనిచేస్తుంది. తాండూరు పక్కనుందని ప్లాటు కొనేదెవరు?

సాయంత్రం బాల్‌రాజ్, ఆయన భార్య మనోరమ హైదరాబాద్ నుంచి కారులో వచ్చారు. మూల ప్లాటు నచ్చింది. సంతకానికి పెన్ను తీస్తూ బాల్‌రాజ్ అడిగాడు, "సిటీ నుంచి ఎంతసేపయ్యా?"

అలవాటు కొద్దీ మల్లికార్జున్ నోరు తెరుచుకుంది. నాగరాణి ఈపాటికి ఆ మిద్దె మెట్లెక్కుతూ ఉంటుంది.

"తాండూరు పక్కనే సార్."

"తాండూరెందుకయ్యా నాకు?"

"గోడ దాటితె తాండూరే సార్."

"నేనడిగేది హైదరాబాద్!"

"గదా? మస్తు దూరం సార్. రొట్టెలు కట్టుకోని పోవాలె."

"పోనీ, మంచి కందిపప్పన్నా దొరుకుతుంది," అంది మనోరమ.

"పప్పు కోసం ప్లాటు కొంటారా ఎవరన్నా? నడువ్, ఇల్లు చేరేదెప్పుడో!" బాల్‌రాజ్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. కారు కమాను దాటి పోయింది, పోతూనే ఉంది.

వెంచర్ గోడ అవతల ముందు నాపరాళ్ల దొంతరలు వచ్చి నిలబడ్డాయి. తర్వాత రాతి పొడితో తెల్లబడిన గల్లీ వచ్చింది. దాని వెనక బట్టలారేసిన ఒక మిద్దె, గోడకు ఆనుకుని ఆగింది. మిద్దె మీద పద్మారాణి ఎవరికో గది చూపిస్తోంది.

"నీళ్లకు పరేషాన్ లేదు బిడ్డా, గాలి గూడ మంచిగొస్తది."

నాగరాణి పిట్టగోడ దగ్గరికొచ్చి కిందికి చూసింది. మొగుడు కనిపించాడు. అతని వెనక తమ ఇల్లు కనిపించింది.

"గాలి మంచిదే ఆంటీ. గని గీడికెళ్లి మా వాకిలి కనవడుతున్నది, రూం నేనేం చేసుకోవాలె?" అని అతని వైపు తిరిగింది. "ఏందయ్యా, గట్ల నిలవడ్డవ్? ప్లాటు పోలేదా?"

"కస్టమరే పోయిండు. నా నౌకరి గూడ పోతదేమో."

"పోతె పోనీ. నిచ్చెన తేపో, దిగుత."

అతను నిచ్చెన కోసం ఉరికాడు. ఆమె దిగేసరికి అనంతగిరి మీద పొద్దు ఇంకా గుంకలేదు. ఆ ఏడాది నాగరాణి వెలుతురుండగా ఇల్లు చేరడం అదే మొదలు.