కోట గుమ్మంలో ఆర్చిబిషప్

ఎలాగూ ఎంతో కాలం బతకడన్న ధీమాతోనే వుల్మార్‌ను ఆర్చిబిషప్‌ను చేశారు. మఠంలోని సన్యాసులు ఒకరిని కోరారు, రాజుగారు మరొకరిని కోరారు. పీఠం ఏడాదికి పైగా ఖాళీగా ఉండిపోయింది. చివరికి ఎవరికీ అభ్యంతరం లేనివాడిగా, ముప్పొద్దులా దగ్గుతూ మూలనపడ్డ ముసలి వుల్మార్ దొరికాడు. ఈయన పోయేలోగా సంగతి తేల్చుకోవచ్చని ఇరుపక్షాలూ అనుకున్నాయి.

వుల్మార్‌కు ఇది తెలియక కాదు. తోళ్లు పదును చేసేవాడి కొడుకు. రాజాస్థానంలో ఏళ్ల తరబడి ఉత్తరాలు రాస్తూ, ఎవరికీ ఎదురాడకుండా నెట్టుకొచ్చినవాడు. అభిషేకం రోజున అక్క గాడ్లెవా అతని పట్టు అంగీ సర్దుతూ, "ఒరేయ్, ఇన్నాళ్లూ అందరికీ తలూపావు. ఇప్పుడు నెత్తిన కిరీటం పెడుతున్నారు. ఊపితే పడిపోద్ది, చూసుకో" అంది.

ఆ చలికాలంలోనే టోవి అనే కమ్మరి చర్చిలోకి పరుగెత్తుకొచ్చి బలిపీఠాన్ని వాటేసుకున్నాడు. రాజుగారి అడవి కాపరితో తగవుపడి సుత్తితో కొట్టాడట, ఆ మనిషి చచ్చిపోయాడట. చర్చిలో శరణు జొచ్చినవాణ్ణి ఎవరూ ముట్టకూడదన్నది తాతలనాటి కట్టుబాటు. అయినా రాజుగారి తరఫున కోటను చూసుకునే షెరీఫ్ డ్రోగో మనుషులు వాణ్ణి జుట్టు పట్టి కోటకు ఈడ్చుకుపోయారు.

"రాజుగారికి ఉత్తరం రాద్దాం ప్రభూ" అన్నాడు మఠం పెద్ద.

"ఆ ఉత్తరాలు ఏ మూల పడుంటాయో నాకు తెలుసు. జవాబొచ్చేలోగా వాణ్ణి ఉరి తీసేస్తారు. పల్లకీ తెప్పించండి."

వాన కురుస్తోంది. కోట తలుపులు మూసి ఉన్నాయి. డ్రోగో పైనుంచి తొంగిచూశాడు.

"ఈ వానలో ఎందుకొచ్చారండీ? జబ్బు మనిషి, ఇంటికెళ్లండి."

"వెళ్లలేను నాయనా. ఊపిరాడటం లేదు. ఇక్కడే పడుకుంటా."

వుల్మార్ పల్లకీ దిగి, గుమ్మానికి అడ్డంగా బురదలో పడుకున్నాడు. అతనికి నిజంగానే భయం వేసింది. పల్లకీ వెంట నడిచొచ్చిన గాడ్లెవా పక్కన కూలబడి అతని మీద ఒక తోలు కప్పింది.

"ఏంటండీ ఈ నాటకం?" అని పైనుంచి అరిచాడు డ్రోగో.

"నాటకమైతే బాగుణ్ణు. నేను పోతానని అందరికీ తెలుసు, ఎక్కడ పోతానన్నదే తేలలేదు. నీ గుమ్మంలో పోయాననుకో, ఇక నీ ఇంట్లో పెళ్లికీ చావుకీ ఏ పూజారీ గడప తొక్కడు."

కబురు తెలిసి అతను పుట్టిపెరిగిన తోళ్లవాళ్ల వీధి వీధంతా వచ్చి అక్కడ నిలబడింది. ఎవరూ అరవలేదు, ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నం దాటాక తలుపు తెరుచుకుంది.

టోవిని ముందుకు తోస్తూ, "వీడు హంతకుడండీ" అన్నాడు డ్రోగో.

"అవును. శరణు జొచ్చినవాడి కట్టుబాటు ప్రకారం నేరం ఒప్పుకుని, ఓడెక్కి దేశం విడిచిపోతాడు. మళ్లీ రాడు. వీణ్ణి మంచివాడని నేననలేదు. చర్చి తలుపు నాది, అంతే."

టోవి అలాగే వెళ్లిపోయాడు. వుల్మార్‌కు జ్వరం తగిలింది, అందరూ ఆశ వదులుకున్నారు. అతను మాత్రం పోలేదు. పీఠం మీద కన్నేసిన ఇద్దరూ తనకంటే ముందే పోయేదాకా బతికాడు. ఈ సంగతి విని రాజుగారు కోపంతో లాక్కున్న చర్చి పొలాలు మాత్రం ఎన్నటికీ తిరిగి రాలేదు.

చనిపోయిన అడవి కాపరి భార్య పండుగ పండుగకూ చర్చికి వచ్చి ముందు వరుసలో నిలబడేది. దీవించడానికి వుల్మార్ దగ్గరికి రాగానే ముఖం పక్కకు తిప్పుకునేది. అతను ఆమె ఎదుట ఆగి, తర్వాత పక్క మనిషి దగ్గరికి నడిచేవాడు.